నైవేద్యం మోసిన ఇటుకల బండి

మా మామ్మ నడవాలో పడిపోయిన రోజున ఇంటిల్లిపాదీ తుమ్ముతున్నాం. మిరపకాయల కాలం. ఆ ఏడు గుంటూరులో కాయ అడిగేవాళ్ళు లేరని నాన్నగారు టిక్కీలు కట్టించి ఇంట్లోనే నిలవ పెట్టారు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనెబస్తా. సావిడి నిండిపోతే మిగిలినవి నడవాలోకి వచ్చాయి. వంటింటికీ దేవుడి గదికీ మధ్య ఒక్క మనిషి ఒదిగి నడిచేంత దారి మిగిలింది.

ఎవరైనా తుమ్మితే మామ్మ చేసే పని ఆపి, కాసేపు కూర్చుని, రెండు గుక్కల మంచినీళ్ళు తాగి గానీ లేచేది కాదు. మిరప కాలంలో ఆ పట్టింపు పెట్టుకుంటే పొద్దున కూర్చున్న మనిషి మళ్ళీ లేవడం ఉండదు. అందుకని మిరప తుమ్ముకు శకునం లేదని తనే ఒక సడలింపు ఇచ్చేసింది. మామ్మ శాస్త్రం అంతా ఇలాగే ఉండేది. గట్టిదే, కానీ ఎక్కడ కాస్త వంగాలో దానికి తెలుసు.

ఆ వేళ ఆవిడ నైవేద్యపు గిన్నె రెండు చేతులా పట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. వేడి వేడి అన్నం, పైన నెయ్యి. రెండు చేతులూ గిన్నెకే సరిపోయాయి గనక చేతికర్ర వంటింట్లోనే ఉండిపోయింది. దేవుడి గది గడపకు కాలివేలు తగిలి అలాగే కూలబడింది. గిన్నె దొర్లుకుంటూ టిక్కీల మూలకు పోయింది.

నాన్నగారు, అమ్మ, నేను ముగ్గురం పరిగెత్తాం. మామ్మ కింద కూర్చునే చెయ్యెత్తి అరిచింది.

“ముట్టుకోకండి! ఇంకా నైవేద్యం కాలేదు!”

ఆవిడ మడి అలాంటిది. తెల్లవారకముందే స్నానం చేసి, ఎవరూ తగలకుండా దండెం మీద ఎత్తుగా ఆరేసుకున్న బట్ట కట్టుకుంటే, నైవేద్యం అయ్యేదాకా ఇంట్లో ఎవ్వరం ఆవిడను తాకకూడదు, ఆవిడ చేతిలోది తాకకూడదు. మేం ముగ్గురం చేతులు నలుపుకుంటూ చుట్టూ నిలబడ్డాం. మామ్మ ద్వారబంధం పట్టుకుని తనంతట తనే లేచింది. మళ్ళీ స్నానం చేసింది, మళ్ళీ వండింది, నైవేద్యం పెట్టింది, హారతి ఇచ్చింది. అప్పుడు మంచం మీద కూర్చుని, “ఇప్పుడు రండి, నడుముకు నూనె రాయండి” అంది.

ఎముక విరగలేదు. అది ఆ స్వామి దయ కాక మరేమిటి? ఆ రోజు తలపుకు వచ్చినప్పుడల్లా నాకు ముందు చేతులు జోడించాలనిపిస్తుంది, ఆ తర్వాతే నవ్వు వస్తుంది.

నాన్నగారికి మాత్రం నవ్వు రాలేదు. భోజనాల దగ్గర కంచంలోకి చూస్తూ అన్నారు.

“అమ్మా, ఇక చాలు. ఈసారి పడితే లేవవు. శ్రీరామనవమి దాకా చేసుకో. ఆ మర్నాటి నుంచి నైవేద్యం నీ కోడలు చూసుకుంటుంది. నువ్వు కుర్చీలో కూర్చుని దణ్ణం పెట్టుకో.”

“కుర్చీలోనా?” అంది మామ్మ, జైల్లోనా అన్నట్టు.

ఆవిడ ఈ ఇంటికి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ రాములవారికి అన్నం వండిపెట్టింది తనే. పొలం నాన్నగారిది, ఇల్లు అమ్మది, పూలమొక్కలు నావి. తనదనుకునేందుకు ఆవిడకు మిగిలింది ఆ చిన్న గిన్నె ఒక్కటే. అమ్మ కూడా తనకు పెత్తనం వస్తుందని సంతోషించలేదు. “ఆవిడ చేతిలోది నేను లాక్కున్నట్టు ఉంటుందండీ” అని నెమ్మదిగా అంది.

మామ్మ మజ్జిగ పోసుకుంటూ బేరం పెట్టింది. “ఒరేయ్, నేను పడింది కర్ర లేక. కర్ర పట్టుకుని నడిస్తే నీకేమన్నా అభ్యంతరమా?”

“ఏమీ లేదు. చేతిలో ఏమీ లేకుండా కర్ర పట్టుకుని నడువు, నిండు నూరేళ్ళూ చేసుకో. మరి గిన్నె? గిన్నె దానంతటది నడిచి వస్తుందా?”

ఆ పూట మామ్మ మజ్జిగన్నం కూడా సగం వదిలేసింది.

ఆ వారంలోనే మా మేనమామ వచ్చాడు. ఆయన సరుకు ఓడల్లో కరెంటు పని చేసేవాడు. ఏ ఏడాదికో ఒకసారి సెలవు మీద వచ్చేవాడు. సముద్రం దాటినవాడని మామ్మకు మొదట్లో అభ్యంతరం ఉండేది గానీ, ప్రతిసారీ బెజవాడలో దిగి కృష్ణలో మునిగి వస్తానని ఒప్పుకోవడంతో అది తీరిపోయింది. వీధిగుమ్మంలోనే అడిగేది, “ఏమయ్యా, మునిగావా?” అని. “మునిగానండి అత్తయ్యగారూ, చెవుల్లో ఇంకా నీళ్ళున్నాయి” అని ఆయన తల వంచి చూపించేవాడు.

ఈసారి నా కోసం ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. ఆయన లెక్కలో నేనింకా గౌనులో ఉన్న పిల్లను. వోణీలో ఎదురొచ్చేసరికి పెట్టె వెనక్కి దాచబోయాడు. నేను ఊరుకోలేదు. మూత తీస్తే లోపల అన్నీ ఇటుకలు. వేలెడంత ప్లాస్టిక్ ఇటుకలు, ఎర్రవీ, తెల్లవీ, నల్లవీ. పైన వరసగా బుడిపెలు, కింద బోలు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కుమని పట్టుకుంటాయి, సున్నం అక్కర్లేదు, తడపక్కర్లేదు. ఇంకా చక్రాలు, పళ్ళ చక్రాలు, సబ్బుబిళ్ళంత మోటార్లు రెండు, టార్చిలైటు బ్యాటరీలు పెట్టుకునే డబ్బా. దానికి రెండు మీటలు.

దాంతో పాటు ఒక పుస్తకం. అది చూసి నేను పొంగిపోయాను. నన్ను బడికి పంపలేదు. బడి కాలవ అవతలి ఊళ్ళో ఉండేది. మామ్మ బియ్యంలో వేలు పట్టి అక్షరాలు దిద్దించింది, నాన్నగారు లెక్కలు చెప్పారు. ఇంగ్లీషు పుస్తకమైతే నా పని అక్కడితో సరి. కానీ ఆ పుస్తకంలో ఏ భాషదీ ఒక్క అక్షరం లేదు. అన్నీ బొమ్మలే. ఈ బొమ్మలో ఉన్నదానికి ఆ బొమ్మలో ఏం కొత్తగా వచ్చిందో చూసుకుంటూ పోవడమే. ముగ్గు నేర్చుకున్నదానికి అదేం కష్టం? ఆ పుస్తకం తయారు చేసినవాళ్ళెవరో, ఎక్కడివాళ్ళో, వాళ్ళు చల్లగా ఉండాలి.

“పేపర్లో చూశావుటే?” అన్నాడు మావయ్య. “చంద్రుడి మీదికి మనిషి లేని బండి పంపించి, ఇక్కడ కూర్చుని నడిపించాలని చూస్తున్నారు. అలాంటిది చేద్దాం.”

చేశాం. ఎడమ చక్రాలకు ఒక మోటారు, కుడి చక్రాలకు ఒకటి. డబ్బా నుంచి బండికి పొడుగ్గా తీగ. రెండు మీటలూ ముందుకు తోస్తే బండి ముందుకు పోతుంది, ఒక్కటే తోస్తే పక్కకు తిరుగుతుంది, వెనక్కి లాగితే వెనక్కి వస్తుంది. మొదటిసారి అది వసారాలో బాణంలా దూసుకుపోయి గోడకు కొట్టుకుని ఎక్కడికక్కడ ఊడిపోయింది. మావయ్య చప్పట్లు కొట్టాడు. “చంద్రుడి మీద మొదటి ప్రమాదం!”

మామ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. చాలాసేపు చూసి అడిగింది.

“ఏమయ్యా, దాని మీద ఏమన్నా పెడితే మోస్తుందా?”

“ఏం పెడతారండీ?”

“ఏం లేదులే” అని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం నేను పూలు కడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో ఆ నైవేద్యపు గిన్నె, ఖాళీది. నా ఒళ్ళో పెట్టి, “బరువు చూడవే అమ్మడూ” అంది. “అన్నం పెట్టాక ఇంకో ఇంత ఉంటుంది.”

నేను గిన్నెను చూశాను, మామ్మ మొహం చూశాను. నాన్నగారు అడిగిన ప్రశ్నకు జవాబు ఎక్కడ వెతుక్కుంటోందో అప్పుడు తెలిసింది. వంటింట్లో గిన్నె తన చేత్తోనే బండిలో పెడుతుంది. బండిని నేను దూరం నుంచి నడుపుతాను. తను వెనక కర్ర పట్టుకుని నడిచి, దేవుడి గదిలో తన చేత్తోనే తీసుకుంటుంది. మధ్యలో ఎవరూ ముట్టుకోరు. నవమికి ఇంకా వ్యవధి ఉంది, మావయ్య సెలవూ అప్పటిదాకా ఉంది.

ఈ సంగతి చెబితే మావయ్య ఎగిరి గంతేశాడు. ఆయనకు తెలియదు, ఇంజనీరింగు కంటే ముందు మామ్మ విచారణ దాటాలని.

మొదటి ప్రశ్న, సముద్రం దాటిన వస్తువు. మావయ్య దానికి సిద్ధంగా ఉన్నాడు. “నాతో పాటు ఈ పెట్టెనీ కృష్ణ ఒడ్డున పెట్టి నీళ్ళు చల్లానండి.” అబద్ధమో నిజమో నాకు తెలియదు. మామ్మ తల ఊపింది.

రెండోది, ఈ ప్లాస్టిక్ ఏ జాతి? మట్టికి మైల అంటితే పోదు, పారెయ్యాలి. ఇత్తడి, రాగి తోముకుంటే శుద్ధి. మరి ఇది? మా పురోహితులవారిని అడిగితే ఆయన ఒక ఇటుకను అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి, వాసన చూసి, “లక్కలా ఉంది... లక్క కాదు... దంతంలా కూడా ఉందమ్మా” అని, పొరుగూళ్ళో పెళ్ళి ఉందని వెళ్ళిపోయారు. మామ్మ తనే ఒక పరీక్ష పెట్టింది. గిన్నెలో పసుపు కలిపి, ఒక ఎర్ర ఇటుక, ఒక తెల్ల ఇటుక, ఒక నల్లది అందులో వేసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచింది. తీసి కడిగింది. తెల్లది పసుప్పచ్చగా ఉండిపోయింది. ఎర్రదీ నల్లదీ ఎలా ఉన్నవి అలా ఉన్నాయి.

“తెల్లవి పీల్చుకుంటున్నాయి, పనికిరావు. ఎర్రవీ నల్లవీ లోహంతో సమానం” అని తీర్పు చెప్పింది.

అమ్మ నా చెవిలో, “ఎర్రదాని మీద పసుపు కనపడుతుందేమిటే?” అంది.

మామ్మ చెవులు పాము చెవులు. “కనపడనిదాన్ని తవ్వి తలకెత్తుకోమాకు, కోడలా!” అంది అటు తిరిగే.

తెల్ల ఇటుకలన్నీ ఏరి పక్కన పెట్టాం. బండి ఎర్రగా, నల్లని చక్రాలతో, అచ్చం గురివింద గింజలా తయారైంది.

మూడోది తీగ. ఇక్కడ మావయ్య చిక్కుకుపోయాడు. నడవా పొడుగు చూసుకుని ఆయన గుంటూరు వెళ్ళి తీగ తెచ్చాడు. అప్పట్లో ఆ సన్న తీగకు పైన నూలు దారం చుట్టి వచ్చేది. మామ్మ దాన్ని వేళ్ళతో నలిపి చూసింది.

“ఇది నూలు కదయ్యా?”

“అవునండి. లోపల రాగి, పైన నూలు.”

“దీని ఒక కొస ఈ పిల్ల చేతిలో డబ్బాకు ఉంటుంది. ఇంకో కొస బండికి ఉంటుంది. బండిలో నైవేద్యం ఉంటుంది. పిల్ల మడి కట్టుకోలేదు. నూలు మైలను మోస్తుంది. అంటే పిల్ల గిన్నె ముట్టుకున్నట్టే గదా!”

“అత్తయ్యగారూ, అమ్మాయి ఇక్కడెక్కడో టిక్కీల మీద కూర్చుంటుంది. అంత దూరం ఎలా పోతుందండీ మైల?”

“కరెంటు పోతుందన్నావు కదా?”

“పోతుందండి.”

“కనపడుతుందా?”

“కనపడదండి.”

“కనపడని కరెంటు అంత దూరం పోగా లేంది, కనపడని మైల పోదా?”

మావయ్య తీగ చుట్ట కింద పెట్టి నా వైపు చూశాడు. నాన్నగారు ఉయ్యాల మీద పేపరు చదువుతున్నవారు పేపరు అడ్డం పెట్టుకుని భుజాలు కుదిపేస్తూ నవ్వుతున్నారు. “ఏమోయ్ బావమరిదీ, ఓడల మీద ఇవి చెప్పలేదా నీకు?” అన్నారు.

“పోనీ నూలు ఊడదీసేస్తామండీ.”

అది కుదరదని ఆయనకే తెలుసు. పక్కపక్కనే పోయే రాగి తీగలు ఒకదానికొకటి తగిలితే బండి నడవదు, బ్యాటరీలు కాలిపోతాయి. నాలుగైదు రోజుల్లో నవమి. మామ్మ మొహం చిన్నబోయింది. అడ్డం చెప్పింది తనే, దిగులు పడుతున్నదీ తనే. అయినా తెలిసి తెలిసి మైల నైవేద్యం పెట్టే మనిషి కాదు.

మర్నాడు తెల్లవారేసరికి ఆవిడ తన భోషాణం తెరిచి కూర్చుని ఉంది. ఒళ్ళో చిరుగులు పడ్డ పాత పట్టుచీర. దాన్ని నా మీద పడేసింది.

“పట్టుకు మైల అంటదు. రాగి ఎప్పుడూ శుద్ధమే. ఈ నూలు తీసేసి పట్టు చుట్టండి.”

మావయ్య గుంజకు జారబడిపోయాడు. “అత్తయ్యగారూ! రేడియోల్లో ఖరీదైన తీగలకు పట్టే చుడతారండీ! కరెంటును ఆపడానికి పట్టును మించింది లేదు!”

“నాకు తెలియదేమిటి?” అంది మామ్మ.

ఆ చీర పోగులు నేనూ అమ్మా తీశాం. పట్టు పాతదై ముట్టుకుంటే తెగేది. తెగిన చోట ముడి వేసుకుంటూ, నూలు ఊడదీస్తూ, వెంటనే పట్టు చుట్టుకుంటూ పోవాలి. అమ్మ తీగ సాగదీసి పట్టుకుంటే నేను చుట్టేదాన్ని. పని చేసుకుంటూ ఇద్దరం నామం అనుకునేవాళ్ళం. ఒక చోట పలచగా చుట్టాననుకుంటాను, మొదటిసారి మీట తోసేసరికి బండి కదల్లేదు, డబ్బా కుంపటిలా కాగింది. తీగ అంతా వేళ్ళతో తడుముకుంటూ పోయి ఆ చోటు పట్టుకుని మళ్ళీ చుట్టాను. నా జీవితంలో ఎన్నో పట్టుచీరలు కట్టాను, స్వామి ఇచ్చాడు. వేళ్ళకు గుర్తున్న పట్టు మాత్రం అదే.

ఈలోపు మావయ్య బండి జోరు తగ్గించాడు. మోటారుకు చిన్న పళ్ళ చక్రం, దాన్ని పెద్దదానికి పట్టించి, మళ్ళీ చిన్నది, మళ్ళీ పెద్దది. బాణంలా పోయే బండి నిండుచూలాలిలా నడవడం నేర్చుకుంది. బలం మాత్రం వచ్చింది. కొయ్య పాత్ర నిండా ఇసుక పోసి పెట్టినా లాగింది. చక్రాలకు పాత సైకిలు ట్యూబు కత్తిరించి తొడిగాం. గిన్నె కదలకుండా నాలుగు వైపులా ఎర్ర ఇటుకల ప్రహరీ కట్టాను. ఇక దేవుడి గది గడప. దాన్ని ఎక్కడం బండి తరం కాదు. గడపకు ఇటొక చెక్క, అటొక చెక్క ఏటవాలుగా పెట్టాం. ఎక్కింది, దిగింది. రోజూ పొద్దున్నా సాయంత్రమూ ఇసుక పాత్రతో నడిపి చూసుకున్నాం. ఒక్కసారి కూడా తప్పలేదు.

“రేపు నవమి. రేపు బండి తప్పితే నేనేమీ అనను” అన్నారు నాన్నగారు. “అనుకున్న మాట అనుకున్నట్టే. ఎల్లుండి నుంచి నీ కోడలు.”

“తప్పకపోతే?” అంది మామ్మ.

“తప్పకపోతే నువ్వే.”

నవమి నాడు ఇల్లంతా మామిడాకులు, యాలకులు, మిరియాల వాసన. వీటి మధ్య మిరపకాయల ఘాటు ఎలాగూ ఉంది. మామ్మ పానకం కలిపింది, వడపప్పు నానబెట్టింది. చిన్న రాగి చెంబులో పానకం పోసి, తన చేత్తో బండిలో, ఇటుకల ప్రహరీ మధ్యన పెట్టింది. పక్కన సందులో వడపప్పు గిన్నె. కర్ర అందుకుంది. నేను నడవా చివర టిక్కీల మీద ఎక్కి కూర్చున్నాను. మావయ్య వీధి వసారాలో, నాన్నగారు దేవుడి గది పక్కన. అమ్మ చేతులు జోడించి నిలబడింది.

“కానివ్వు” అంది మామ్మ.

సరిగ్గా అప్పుడే నాన్నగారు తుమ్మారు. అందరం మామ్మను చూశాం.

“మిరప తుమ్ము, లెక్కలేదు. కానివ్వవే!”

మీటలు తోశాను. బండి గుర్రుమంటూ వంటింటి గుమ్మంలోంచి బయల్దేరింది. వెనక మామ్మ, బట్ట టిక్కీలకు తగలకుండా ఒక చేత్తో దగ్గరకు లాక్కుని, ఇంకో చేత్తో కర్ర టకటకలాడించుకుంటూ. పెయ్యను ఇంటికి తోలుకొస్తున్నట్టు దానితో మాట్లాడుతూనే ఉంది. “పద పద. అటు కాదు, ఇటు. ఆఁ, అలా. తొందరేం లేదమ్మా, స్వామి ఎక్కడికీ పోడు.” పానకం చెంబులో అటూ ఇటూ ఊగుతోంది గానీ చుక్క ఒలకలేదు.

గడప దగ్గర బండి చెక్క ఎక్కడం మొదలుపెట్టింది. సగం ఎక్కింది. అక్కడ చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు. ఆ తర్వాత మెల్లగా వెనక్కి జారింది. మళ్ళీ తోశాను. మళ్ళీ సగం ఎక్కి మళ్ళీ జారింది. ఈసారి పక్కకు ఒరిగింది కూడా.

నాకు ఏమీ అర్థం కాలేదు. ఇన్ని రోజులు ఎక్కిన చెక్క ఇవాళ ఎందుకు ఎక్కదు? మావయ్య అక్కణ్ణుంచే మెడ సాచి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“అక్కయ్యా! చెక్కకు పసుపు రాశావా?”

“గడపకు రాసి దానికి రాయకపోతే ఎలా? అదీ గడపే కదా ఇవాళ!” అంది అమ్మ.

పండగ కదా. తెల్లవారుజామున అమ్మ గడప కడిగి, పసుపు మెత్తి, బొట్లు పెట్టింది. ఆ చేత్తోనే చెక్కలకు కూడా దళసరిగా, పచ్చిగా పసుపు పూసి బొట్లు పెట్టింది. రోజూ ఒట్టి చెక్క మీద నడిపి చూసుకున్న మాకెవరికీ పండగ నాటి గడప ఎలా ఉంటుందో తలపుకే రాలేదు. ఇంట్లో ఉన్నవాళ్ళందరం ఏటేటా చూసే గడపే అది!

చెంబు ఒరుగుతోంది. నాన్నగారు ఒక్క అడుగు వేసి వంగారు.

“ఆగరా!” అంది మామ్మ. నడవా మారుమోగింది. “ముట్టుకున్నావంటే ఊరుకోను. నేను పడ్డప్పుడు లేపారా? దాన్నెందుకు లేపుతారు?”

నాన్నగారు వంగినవారు వంగినట్టే ఆగిపోయారు.

“నువ్వు మీట వదిలెయ్యవే అమ్మడూ. వెనక్కి లాగు. కింద దాకా లాగు.”

లాగాను. బండి కిందికి దిగి తిన్నగా నిలబడింది. మామ్మ కర్ర మీద బరువు మోపి, మెల్లగా, చాలా మెల్లగా వంగింది. గడప ముందు అమ్మ వేసిన ముగ్గు ఉంది, గరుకు ముగ్గు, రాతిపొడి. వేళ్ళతో ఆ ముగ్గును చెరిపి పిడికిట్లోకి తీసుకుని చెక్క మీద పొడుగునా చల్లింది, దోసెల పెనం మీద నీళ్ళు చిలకరించినంత తేలిగ్గా. అటువైపు చెక్క మీద కూడా చల్లింది. తిరిగి కర్ర ఊతంతో లేచింది. ఆ ముసలి నడుము వంగి లేవడం చూస్తున్నామో, బండిని చూస్తున్నామో మాకే తెలియదు.

“ఇప్పుడు రమ్మను.”

రెండు మీటలూ ఒక్కసారి తోశాను. కళ్ళు మూసుకోవాలనిపించింది, మూసుకుంటే నడపలేనని తెరిచే ఉంచాను. చక్రాలు ముగ్గును కరకర నమిలాయి. బండి చెక్క ఎక్కింది, గడప మీద ఒక్క క్షణం ఆలోచించింది, అటువైపు దిగి రాములవారి ముందు ఆగింది. మామ్మ వెనకాలే కర్ర మోపుకుంటూ గడప దాటింది. రెండో చేత్తో ద్వారబంధం పట్టుకునే వీలు కూడా ఉంది ఆవిడకు. చెంబూ గిన్నే తన చేత్తో తీసి స్వామి ముందు పెట్టింది. గంట మోగింది.

మావయ్య వసారాలోంచి, “చంద్రుడి మీద దిగింది!” అని కేక పెట్టాడు.

“మా రాములవారి దగ్గర దిగిందయ్యా. చంద్రుడి సంగతి నువ్వు చూసుకో” అంది లోపల్నుంచి మామ్మ.

నేను టిక్కీల మీదే కూర్చుని దణ్ణం పెట్టుకున్నాను. ఏమీ అడగాలనిపించలేదు. మావయ్యను ఆ నెలలో ఇంటికి పంపినందుకు, అమ్మ వేళ్ళకు ఓపిక ఇచ్చినందుకు, చీర చింపుకునే మనసు మామ్మకు పుట్టించినందుకు, ఇవన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయేసరికి హారతి అయిపోయింది. ఈ వయసులో ఇప్పుడు కూడా నా పూజ అంతే. అడిగేది తక్కువ, చెప్పుకునేది ఎక్కువ.

హారతి కళ్ళకద్దుకున్నాక నాన్నగారు పానకం గ్లాసుతో వసారాలో కూర్చున్నారు. మామ్మ మడి విడిచి, మామూలు చీర కట్టుకుని, గుమ్మం పక్కన పీట వేసుకుని, వడపప్పు నోట్లో వేసుకుంటూ వీధిలోకి చూస్తోంది. అమ్మా నేనూ లోపల గిన్నెలు సర్దుతున్నట్టు చప్పుడు చేస్తూ, చెవులు అక్కడే పెట్టాం.

నాన్నగారు ఖాళీ గ్లాసు కింద పెట్టారు.

“రేపు నైవేద్యానికి ఏం వండుతున్నావమ్మా?”

మామ్మ వీధిలోంచి చూపు తిప్పలేదు. “పులగం వండుదామని ఉందిరా” అంది. “పెసరపప్పు నిండుకుంది. లేచి, కొట్టు మూసేలోపు తెచ్చిపెట్టు.”